గేమింగ్ కాదండీ, ఆపరేటింగ్ సిస్టమ్స్!

మొన్న సంక్రాంతి పాట్‌లక్‌లో ఒకావిడ అడిగారు, "మీవాడు యూట్యూబ్‌లో వీడియోలు చేస్తున్నాడటగా, గేమింగా అండీ?" అని. కాదండీ, ఆపరేటింగ్ సిస్టమ్స్ మీద అన్నాను. ఆవిడ పులిహోర గరిటె చేతిలో పట్టుకుని ఒక్క క్షణం ఆగి, "అంటే కోడింగా?" అన్నారు. అదీ కాదన్నాను. ఆ తర్వాత ఆవిడకి నేను చెప్పాలనుకున్నదీ, వెనక లైన్ పెరిగిపోవడం వల్ల చెప్పలేకపోయినదీ ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంట్లోనూ ఇలాంటి పిల్లాడో పిల్లో ఉంటే పనికొస్తుంది. ఉన్నారని ఇంకా మీకు తెలియకపోతే మరీ పనికొస్తుంది.

మేం డాలస్ దగ్గర ఉంటాం. మావాడికి పదమూడు, ఎయిత్ గ్రేడ్. మూడేళ్ళప్పుడు ఇక్కడికి వచ్చాడు. అందరి పిల్లల్లాగే మైన్‌క్రాఫ్ట్ వీడియోలతోనే మొదలుపెట్టాడు. ఆట రికార్డు చేస్తుంటే ల్యాప్‌టాప్ నత్తలా నడిచేది. ఎందుకు నడుస్తోందో చూద్దామని టాస్క్ మేనేజర్ తెరిచాడు. తను ఆడేది ఒక్క ఆట, కానీ లోపల నూటికి పైగా ఏవేవో పనులు నడుస్తున్నాయి. "అమ్మా, వీళ్ళంతా ఎవరు?" అని అడిగాడు. నిజంగా అదే మాట, మనుషుల గురించి అడిగినట్టు. అప్పటినుంచి ఆట పక్కకి పోయింది.

నేను భీమవరంలో బీఎస్సీ ఎంపీసీఎస్ చదివాను. మా కంప్యూటర్ ల్యాబ్‌లోకి చెప్పులు బయట విప్పి వెళ్ళాలి. కాలేజీ మొత్తంలో ఏసీ ఉన్న గది అదొక్కటే. ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపరు నాకూ ఉంది. "రౌండ్ రాబిన్ షెడ్యూలింగ్‌ని వివరింపుము" అని పది మార్కుల ప్రశ్న. బొమ్మతో సహా రాశాను, మార్కులూ వచ్చాయి. అది ఏమిటో మాత్రం నాకు అర్థమైంది వాడికి చెప్పబోయినప్పుడే.

వాడికి నేను చెప్పింది ఇదీ. మన ఊళ్ళో పెళ్ళి జరుగుతుంటే అందరూ పెళ్ళికొడుకునీ పెళ్ళికూతురినీ చూస్తారు. అవి యాప్స్ అనుకో. కానీ నడుముకి తాళాలగుత్తి కట్టుకుని, గొంతు బొంగురుపోయి, ఫొటోల్లో ఎక్కడా కనపడకుండా తిరిగే బాబాయి ఒకాయన ఉంటాడు. ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఆయన. విడిదింట్లో వేడినీళ్ళ బాత్రూమ్ ఒక్కటే ఉంటే ఎవరు ఎంతసేపో ఆయనే చెప్పాలి. పదినిమిషాలవగానే తలుపు కొట్టి, సగం స్నానంలో ఉన్నా సరే బయటికి రమ్మని, తర్వాతి వాళ్ళని పంపుతాడు. మళ్ళీ వంతు వచ్చినప్పుడు మిగతా సగం స్నానం. అదే రౌండ్ రాబిన్. ఇక్కడ ప్రాసెసర్ ఆ బాత్రూమ్. వంతులు మిల్లీసెకన్లలో మారిపోతాయి కాబట్టి ప్రతి ప్రోగ్రామూ బాత్రూమ్ తనదొక్కదానిదే అనుకుంటుంది. పాట ఆగకుండా వినిపిస్తుంది, ఆటా నడుస్తుంది.

గదులు పంచడం కూడా ఆయన పనే. అది మెమరీ. ఒకరి గదిలోకి ఇంకొకరు తొంగి చూడకూడదు. వంటవాడికి నెయ్యి కావాలంటే నేరుగా స్టోర్ గదిలోకి వెళ్ళకూడదు, బాబాయిని అడగాలి, ఆయనే తీసిస్తాడు. ప్రోగ్రాములు కూడా అంతే. హార్డ్ డిస్కునో కెమెరానో తమంతట తాము ముట్టుకోలేవు, అడిగి తీసుకోవాలి. దాన్నే సిస్టమ్ కాల్ అంటారు. షామియానా వాడి భాష వేరు, బ్యాండ్ మేళం వాళ్ళ భాష వేరు, జనరేటర్ వాడి సంగతి చెప్పక్కర్లేదు. ఒక్కొక్కరితో మాట్లాడ్డానికి బాబాయి దగ్గర ఒక్కో మేనల్లుడు ఉంటాడు. వాళ్ళే డ్రైవర్లు. ప్రింటర్ పని చెయ్యకపోతే ఆ మేనల్లుడు అలిగాడన్నమాట.

ఈ తాళాలగుత్తి ఉన్న లోపలి భాగాన్ని కెర్నెల్ అంటారు. బయట ఒక యాప్ చెడిపోతే అదొక్కటే మూతపడుతుంది. కెర్నెల్లో తేడా వస్తే పెళ్ళే ఆగిపోతుంది. 2024 జూలై 19న విమానాలు ఆగిపోయి మనవాళ్ళు చాలామంది ఎయిర్‌పోర్టుల్లో పడుకున్న రోజు గుర్తుందా? ఆ రోజు జరిగింది ఇదే. క్రౌడ్‌స్ట్రైక్ అనే కంపెనీ సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ విండోస్ కెర్నెల్ స్థాయిలో పని చేస్తుంది. దానికి వచ్చిన ఒక తప్పు అప్‌డేట్ వల్ల దాదాపు 85 లక్షల కంప్యూటర్లు నీలం తెర చూపించి నిలబడిపోయాయి. మావాడు దాని మీద ఒక వీడియో చేశాడు. బాబాయి పోలిక వాడుకున్నాడు, ఇంగ్లీషులో "వెడ్డింగ్ అంకుల్" అని. నా పేరు వెయ్యలేదనుకోండి.

ఇక పాత సిస్టమ్స్ మీద మోజు. విండోస్ 95 తెరుచుకునేటప్పుడు వచ్చే చిన్న శబ్దం బ్రయాన్ ఈనో అనే సంగీతకారుడు చేశాడనీ, అదీ యాపిల్ మాక్ మీద చేశాడనీ మా ఇంట్లో ఇడ్లీ తినేటప్పుడు తెలిసింది. ఎక్స్‌పీ తెర మీద ఉండే పచ్చటి కొండ కంప్యూటర్లో గీసిన బొమ్మ కాదట. కాలిఫోర్నియాలోని సొనోమా కౌంటీలో 1996లో చార్ల్స్ ఓరియర్ అనే ఆయన తీసిన ఫొటో అట. మా తమ్ముడి కంప్యూటర్లో ఆ కొండని ఏళ్ళ తరబడి చూశాను, అది నిజం కొండ అని నాకెప్పుడూ తోచలేదు.

ఇన్ని పాత సిస్టమ్స్ ఎక్కడ నడుపుతున్నాడని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది, భయంతో సహా. వాటిని వర్చువల్ మెషిన్‌లో నడుపుతారు. బొమ్మరిల్లు లాంటిది. అసలు కంప్యూటర్ లోపల, నేనూ కంప్యూటర్నే అనుకునే ఒక ఉత్తుత్తి కంప్యూటర్. దానికి కొంచెం మెమరీ, ఒక పెద్ద ఫైలునే డిస్కుగా చూపిస్తారు. పాపం అది నమ్మేస్తుంది. వర్చువల్‌బాక్స్ అనే ఉచిత ప్రోగ్రాం ఈ పని చేస్తుంది. లోపల ఏం పాడైనా ఆ ఒక్క ఫైలు తీసేస్తే సరిపోతుంది.

సరిపోతుంది అన్నానుగానీ, ఒక జాగ్రత్త ఉంది. ఈ వీడియోల ప్రపంచంలో వైరస్‌ని కావాలని ఎక్కించి ఏమవుతుందో చూపించడం ఒక ముచ్చట. బొమ్మరింట్లో పెట్టిన నిప్పు అసలు ఇంటికి అంటుకోదనేం లేదు. లోపలికీ బయటికీ ఫైళ్ళు పంచుకునే షేర్డ్ ఫోల్డరూ, ఇంటి వైఫై కనెక్షనూ తెరిచి ఉంటే దారి ఉన్నట్టే. మా ఇంట్లో రెండూ మూసి ఉంచాలి, వైరస్ వీడియోలు అసలు వద్దు అన్నాను. మూతిముడుచుకున్నాడు, ఒప్పుకున్నాడు. ఇంకోటి, పాత విండోస్‌లు అమ్మడం ఆపేశారు కదా అని అవి ఊరికే అందరివీ అయిపోవు, కాపీరైట్ ఉంది. నెట్‌లో ఎక్కడపడితే అక్కడ దొరికేవి దించుకోవద్దని వాళ్ళ నాన్న గట్టిగా చెప్పారు. దానికి బదులు హాయిగా ఆడుకోవడానికి చాలా ఉన్నాయి. డాస్ కావాలంటే ఫ్రీడాస్ ఉంది. జిమ్ హాల్ అనే ఆయన 1994లో భౌతికశాస్త్రం చదువుకుంటున్న రోజుల్లో మొదలుపెట్టింది. అసలు ఎంఎస్ డాస్ పాత వెర్షన్లలో కొన్నిటి సోర్స్ కోడ్‌ని మైక్రోసాఫ్టే బయటపెట్టింది, 4.0 అయితే 2024లో. లైనక్స్ సరే సరి. 1991లో హెల్సింకీలో 21 ఏళ్ళ కుర్రాడు లైనస్ టోర్వాల్డ్స్ సరదాకి మొదలుపెట్టింది ఈరోజు మన ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటి అడుగునా ఉంది.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. ఇది రాయాలా వద్దా అని రెండువారాలు ఆలోచించాను.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆగిపోయింది. పాత ల్యాప్‌టాప్‌లు చాలావాటికి విండోస్ 11 అధికారికంగా ఎక్కదు, టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్పు కావాలంటుంది. పాతవి పారెయ్యకండి, లైనక్స్ ఎక్కించుకోండి అని మావాడు వీడియో చేద్దామనుకున్నాడు. మంచి ఆలోచనే. థాంక్స్‌గివింగ్ సెలవుల్లో క్లాజెట్‌లో ఉన్న 2012 నాటి ల్యాప్‌టాప్ తీశాడు. నన్ను అడిగాడు కూడా. నేను గారెల పిండి రుబ్బుతూ, వినీ వినకుండా "ఆఁ, తీసుకో" అన్నాను.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒక తెర వస్తుంది. పాతదాన్ని పక్కన ఉంచి ఎక్కించాలా, డిస్కు మొత్తం తుడిచేసి ఎక్కించాలా అని. వాడు రెండోది నొక్కాడు. వీడియో శుభ్రంగా వచ్చింది.

ఆ ల్యాప్‌టాప్‌లో మా నాన్నగారి వీడియోలు రెండు ఉన్నాయి. 2014లో మేం వెళ్ళినప్పుడు మావారు తీసినవి. ఒకదాంట్లో నాన్నగారు పెరట్లో నిలబడి మామిడికాయలు కోయిస్తూ, కోసేవాణ్ణి తిడుతూ, మధ్యలో కెమెరా వైపు తిరిగి నవ్వుతారు. ఇంకోదాంట్లో మావాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఉంటారు. నాన్నగారు 2019లో పోయారు. ఫోన్లలో ఫొటోలున్నాయిగానీ ఆయన గొంతు ఉన్నది ఆ రెంటిలోనే. ఎన్నోసార్లు వేరేచోటికి ఎక్కిద్దామనుకున్నాను. వచ్చే వీకెండ్, వచ్చే వీకెండ్ అంటూ ఆరేళ్ళు.

వాడికి అర్థమయ్యాక ముఖం తెల్లబోయింది. నేను అరిచాను. ఏమన్నానో రాయను. మావారు మాత్రం అరవలేదు. ముందు పవర్ బటన్ నొక్కి ల్యాప్‌టాప్ ఆపేశారు, "ఇంక ఎవరూ దీన్ని ముట్టుకోకండి" అన్నారు. ఆయన చేసిన ఆ పని ఎందుకు సరైనదో చెప్పాలి, ఎందుకంటే ఇది ఎవరింట్లోనైనా జరగొచ్చు.

డిస్కు మీద ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక ఒకటి ఉంటుంది, పుస్తకం ముందు విషయసూచికలాగ. డిస్కు తుడిచెయ్యి అన్నప్పుడు మామూలుగా జరిగేది ఆ సూచిక చింపేసి కొత్తది అంటించడమే. వెనక పేజీలన్నీ వెంటనే చెరిగిపోవు. కొత్త సిస్టమ్ ఎక్కినంత మేర మాత్రం వాటి మీద కొత్త రాత పడుతుంది. అందుకే ఇంకేమీ రాయకుండా వెంటనే ఆపెయ్యాలి. నడుస్తున్న ప్రతి నిమిషం ఏదో ఒకటి డిస్కు మీద రాసుకుంటూనే ఉంటుంది. అయితే ఈ మాట పాతకాలపు తిరిగే హార్డ్ డిస్కులకే. ఇప్పటి ఎస్ఎస్‌డీల్లో ట్రిమ్ అనే ఏర్పాటు ఉంటుంది, ఖాళీ అన్న చోటుని అది తనే నిజంగా ఖాళీ చేసేస్తుంది. మాది 2012 నాటిది కావడం మా అదృష్టం.

మర్నాడు మావారు డిస్కు విప్పి, ఒక యూఎస్‌బీ అడాప్టర్‌తో తన కంప్యూటర్‌కి తగిలించారు. ఫోటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాం నడిపారు. అది సూచికతో పని లేకుండా మొదటి పేజీ నుంచి చివరిదాకా తిరగేస్తుంది. ప్రతి రకం ఫైలుకీ మొదట్లో ఒక గుర్తు ఉంటుంది, జేపెగ్ ఫొటో అయితే ఎప్పుడూ ఎఫ్ఎఫ్ డీ8 అనే అంకెలతో మొదలవుతుంది. ఆ గుర్తు కనపడ్డచోటల్లా ఇక్కడొక ఫొటో ఉందని తీసి పక్కన పెడుతుంది. పేర్లుండవు, ఫోల్డర్లుండవు. రెండు రాత్రులు నడిచింది. పదకొండువేల పైచిలుకు ఫైళ్ళు బయటపడ్డాయి. వాటిలో చాలావరకు వెబ్ పేజీల తాలూకు చిన్న చిన్న బొమ్మలు, ఎవరివో తెలియని ముఖాలు. మావాడు స్కూలు నుంచి రాగానే కూర్చుని ఒక్కొక్కటీ తెరిచి చూసేవాడు. నేను పడుకోమని చెప్పలేదు. మొదటి మూడురోజులు వాడితో సరిగ్గా మాట్లాడనే లేదు.

నాలుగోరోజు మామిడికాయల వీడియో దొరికింది. మొత్తం వచ్చింది, తిట్లతో సహా. రెండోది నలభై సెకన్లు నడిచి ఆగిపోతుంది. పెద్ద ఫైళ్ళు డిస్కు మీద ఒకేచోట ఉండకపోవచ్చు, ఒక్కోసారి ఖాళీ దొరికినచోట ముక్కలుగా సర్దుకుంటాయి. సూచిక లేకపోతే ఏ ముక్క తర్వాత ఏ ముక్కో తెలియదు. మధ్య ముక్కల మీద లైనక్స్ కూర్చుందేమో కూడా. ఆ నలభై సెకన్లలో నాన్నగారు వాణ్ణి "ఏరా మనవడా" అని పిలవడం వరకూ ఉంది. తర్వాత వాడేదో అన్నాడు, ఆయన పకపకా నవ్వారు, అది లేదు. వాడేమన్నాడో నాకు గుర్తుంది కాబట్టి వాడికి చెప్పాను.

ఇప్పుడవి మూడుచోట్ల ఉన్నాయి. ఒకటి భీమవరంలో తమ్ముడి దగ్గర. ఈ వ్యాసం చదవడం ఆపి మీ పాత ల్యాప్‌టాప్ ఒకసారి తెరిచి చూసుకున్నా నేనేం అనుకోను.

ఆ తర్వాత వీడియోలు ఆపేస్తాడనుకున్నాను. ఒక నెల ఆపాడు కూడా. మళ్ళీ మొదలుపెట్టించింది నేనే, ఒకరకంగా. డిసెంబర్లో ఒకరోజు ఫోన్ తెచ్చి చూపించి "అమ్మా, ఇది ఏ లెటర్?" అన్నాడు. చూస్తే జ్ఞా. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లని కుప్పకూల్చిన తెలుగు అక్షరం అని అప్పట్లో వార్తల్లో మోగిపోయింది, మీకు గుర్తుండే ఉంటుంది. మెసేజ్‌లో అది వస్తే ఆ యాప్ మూసుకుపోయేది, నోటిఫికేషన్‌లో వస్తే హోమ్ స్క్రీనే పడిపోయేది. వాడు దాన్ని "జ్-నా" అని చదివాడు. మనం పలికేది దాదాపు "గ్నా" కదా అన్నాను. అలాగైతే "జె" ఎందుకుందని అడిగాడు. రెండేళ్ళు ఆదివారం తెలుగు క్లాసులకి పంపినా రాని ప్రశ్న అది.

కాగితం తీసుకుని కూర్చున్నాం. కంప్యూటర్‌కి జ్ఞా అంటే ఒక అక్షరం కాదు. జ, పొల్లు, ఞ, దీర్ఘం, నాలుగు కోడ్‌లు. యూనికోడ్‌లో తెలుగుకి 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ దాకా చోటు కేటాయించారు, ఈ నాలుగూ అక్కడివే. వాటిని చూసి ఒత్తు ఎక్కడ రావాలి, దీర్ఘం ఎక్కడ తగలాలి అని తేల్చుకుని ఒకే గుర్తుగా గీయడం ఆపరేటింగ్ సిస్టమ్‌తో వచ్చే అక్షరాల యంత్రాంగం పని. ఇంగ్లీషుకి ఈ బాధ దాదాపు లేదు, ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ పోవడమే. ఆ రోజు ఫోన్లని పడగొట్టిన వరసలో ఐదోది ఒకటుంది, కంటికి కనపడనిది. పక్కపక్క అక్షరాల్ని కలపొద్దని చెప్పే కోడ్ అది, ఞకీ దీర్ఘానికీ మధ్య దూరి ఉంది. యాపిల్ వాళ్ళ యంత్రాంగం అక్కడ తడబడింది. మామూలుగా జ్ఞానం, జ్ఞాపకం అని రాస్తే అది ఉండదు కాబట్టి ఏమీ కాదు. బెంగాలీలో కూడా ఇలాంటి వరసలతో ఇదే జరిగింది. ఫిబ్రవరి 19న వచ్చిన 11.2.6 అప్‌డేట్‌తో సరిచేశారు.

వాడు మొదట వీడియోకి "ఐఫోన్లని చంపిన తెలుగు అక్షరం" అన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు. నేను ఒప్పుకోలేదు. అక్షరం ఏం చేసింది పాపం? వెయ్యేళ్ళకి పైగా రాళ్ళమీదా తాటాకులమీదా ఎవర్నీ ఏమీ అనకుండా ఉంది. సరిగ్గా గియ్యలేకపోయింది ఫోను. వాడు గొణిగాడు, అలా పేరు పెడితే ఎవరూ చూడరన్నాడు. చివరికి "ఈ అక్షరాన్ని ఐఫోన్ ఎందుకు గియ్యలేకపోయింది" అని పెట్టాడు. ఇప్పటిదాకా వాడు చేసినవాటిలో ఎక్కువమంది చూసింది అదే. అందులో పలికేది నా గొంతే, ఒకేఒక్క అక్షరం.

దాంతో వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు దాటారు. ఇక్కడ మనలాంటి కుటుంబాలకి ఒక చిక్కుంది. వెయ్యిమందీ, ఏడాదిలో 4000 గంటల వీక్షణా ఉంటే ప్రకటనల డబ్బుకి అప్లై చేసుకోవచ్చు. పద్ధెనిమిదేళ్ళ లోపువాళ్ళకి తల్లిదండ్రుల ఖాతా ద్వారా. కానీ మేం హెచ్1, హెచ్4 వాళ్ళం. హెచ్4 మీద ఉన్న పిల్లలకి పనిచేసి సంపాదించే అనుమతి లేదు. ఈఏడీ అనేది కొందరు భార్యాభర్తలకే ఉంటుంది, పిల్లలకి ఉండదు. అందుకని మానిటైజేషన్ జోలికి వెళ్ళొద్దని నిర్ణయించుకున్నాం. మీ పరిస్థితి వేరైతే మీ లాయర్ని అడగండి, వాట్సాప్ గ్రూప్‌లో కాదు. ఇక్కడే పుట్టిన వాడి ఫ్రెండ్‌కి లేని అడ్డం తనకెందుకని అడిగాడు. మూడేళ్ళప్పుడు విమానంలో నిద్రపోతూ వచ్చినవాడికి దాన్ని వివరించడం కెర్నెల్ వివరించడం కన్నా కష్టమైంది. నేనూ హెచ్4నే, డిగ్రీ పెట్టుకుని పన్నెండేళ్ళు ఇంట్లో ఉన్నాను కాబట్టి వాడి కోపం నాకు బాగానే తెలుసు. మేం డబ్బు తీసుకోకపోయినా వాటి మీద ప్రకటనలు వస్తూనే ఉంటాయి, ఆ డబ్బు యూట్యూబ్‌కి వెళ్తుంది. అది మాత్రం మావారికి నిద్రపట్టనివ్వడం లేదు.

మిగతా నియమాలు చిన్నవి. స్క్రీన్ రికార్డు చేసేటప్పుడు ఇంటి పేరుతో ఉన్న యూజర్ నేమ్, వైఫై పేరు, మెయిల్ నోటిఫికేషన్లు కనపడకూడదు. ఎక్కించేముందు ఒకసారి నేను చూస్తాను. ముఖం చూపించడు, అది వాడి నిర్ణయమే. స్కూలు ల్యాప్‌టాప్ మీద ప్రయోగాలు లేవు. అసలు డిస్కు మీద ఏదైనా ఎక్కించాలంటే ఇద్దరు పెద్దవాళ్ళు ఆ తెర చూసి సరే అనాలి, పిండి రుబ్బుతూ కాదు.

ఈ వేసవిలో ఇండియా వెళ్తున్నాం. తమ్ముడింట్లో అటక మీద ఒక పాత కంప్యూటర్ ఉంది, లావుపాటి మానిటర్‌తో. చివరిసారి ఆన్ చేసినప్పుడు ఎక్స్‌పీ వచ్చిందట, ఆ పచ్చకొండతో సహా. మా మరదలు అటక ఖాళీ చేద్దామంటోందని మాటల్లో అన్నాను. అప్పటినుంచి మావాడు రోజూ ఒకటే గోల, "మామయ్యకి ఫోన్ చేసి ఇవ్వొద్దని చెప్పు" అని. నిన్న తనే చేశాడు. వచ్చీరాని తెలుగులో, పాత సామాన్లవాడు వస్తే తలుపు తియ్యొద్దని చెప్పాడు. అందులో ముందు ఎవరివైనా ఫొటోలున్నాయేమో చూసి పెట్టమని కూడా చెప్పాడు.